తుక్కు సామానుతో చేసిన శిల్పాల్ని ఫొటో తీయడం ఎలా

పాత ఇనప సామాను, టైర్లు, పగిలిన పింగాణీతో చేసి ఆరుబయట పెట్టిన శిల్పాల్ని చాలామంది ఎదురుగా నిలబడి ఒక క్లిక్ కొట్టి వెళ్ళిపోతారు, తీరా చూస్తే ఫొటోలో అది మామూలు విగ్రహంలాగే ఉంటుంది. గుర్రం గుర్రంలా కనబడాలి, దాని జూలు సైకిల్ చెయిన్లనీ తెలియాలి, రెండూ తెలిస్తేనే చేసినవాళ్ళ పనితనం కనబడినట్టు.

అందుకే ముందు కెమెరా తీయకుండా చుట్టూ ఒక రౌండ్ వేయండి. వీటికి సందులెక్కువ, వెనకాల చెట్టో కరెంటు తీగలో ఉంటే సందుల్లోంచి కనబడి ఆకారం అందులో కలిసిపోతుంది, కాబట్టి ఖాళీ గోడో ఆకాశమో వెనక్కి వచ్చేదాకా జరగండి, చాలాసార్లు కింద కూర్చుంటే చాలు. ఆకాశం వస్తే మాత్రం బొమ్మ నల్లబడుతుంది, ఫోన్‌లో బొమ్మ మీద నొక్కి వెలుగు కాస్త పెంచుకోండి.

ఎండ పక్కనుంచి పడాలి, అంటే పొద్దున్నే లేదా సాయంత్రం. అప్పుడే వెల్డింగ్ అతుకులు, బోల్టు తలలు, పెచ్చులు లేచిన తుప్పు, ఒక్కొక్కటీ నీడతో సహా తేలి కనబడతాయి. మెరిసే స్టీలుకి మాత్రం మబ్బు రోజే నయం. లెన్స్ ముందు తగిలించే పోలరైజర్ ఫిల్టర్ అనే అద్దం గాజు మీద, పెయింట్ మీద మెరుపు తగ్గిస్తుంది గానీ పెయింట్ లేని లోహం మీద పెద్దగా పనిచేయదు, దానికోసమే కొనకండి. నాకైతే వాన వెలిసిన వెంటనే తీయడం ఇష్టం, తడిసిన తుప్పు రంగు బాగా ముదురుతుంది, అయితే ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల్ని కెమెరాయే సరిచేసుకునే సెట్టింగ్, ఆ ఎరుపుని చల్లార్చేస్తుంది, దాన్ని ఆటో నుంచి మార్చి క్లౌడీ (మబ్బు గుర్తు)లో పెట్టండి.

చండీగఢ్‌లో నేక్ చంద్ అనే ఆయన తుక్కుతో చేసిన బొమ్మల తోట, 1976లో తెరిచిన రాక్ గార్డెన్ లాంటి చోట బొమ్మలు వరసలు వరసలుగా ఉంటాయి, అక్కడ ఒక్క బొమ్మనే పట్టుకోకుండా వరస చివర నిలబడి జూమ్ చేయండి, అన్నీ దగ్గరికి వచ్చి గుంపులా కనబడతాయి. తర్వాత ఒక్కదాని దగ్గరికెళ్ళి ఒంటి మీద పొదిగిన చేతి గాజుల ముక్కలు మాత్రమే ఫ్రేమ్ నిండా తీయండి. లాస్ ఏంజెలెస్‌లో ఇనప కడ్డీలు, పింగాణీ ముక్కలతో కట్టిన వాట్స్ టవర్స్ అనే గోపురాల లాంటివి వేరు, అందులో పెద్దది దాదాపు 30 మీటర్లు, కిందనే నిలబడి ఫోన్ పైకెత్తితే వెనక్కి వాలినట్టు వస్తుంది, బాగా దూరం వెళ్ళాలి.

పేరు బోర్డు ఉంటే అదీ ఒక ఫొటో తీసుకోండి, పోస్ట్ పెట్టేటప్పుడు శిల్పి పేరు రాయాలి కదా. ఫొటోలు అమ్ముకునే ఆలోచనుంటే అక్కడి కాపీరైట్ రూల్ చూసుకోండి, పబ్లిక్ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పం ఫొటోని ఇండియాలో ప్రచురించుకోవచ్చు, అమెరికాలో శిల్పాలకి ఆ వెసులుబాటు లేదు.