టైప్ చేస్తుండగానే పేజీ చూపించే హెచ్‌టీఎంఎల్ ఎడిటర్

లైబ్రరీ ఏదీ అక్కర్లేదు. కోడ్ రాయడానికి ఒక టెక్స్ట్‌ఏరియా (టైప్ చేసే పెట్టె), ఫలితం చూడటానికి ఒక ఐఫ్రేమ్ (పేజీలోపల ఇంకో పేజీ చూపించే చట్రం) ఉంటే చాలు. టెక్స్ట్‌ఏరియాలో స్పెల్‌చెక్ ఆపేయండి, లేకపోతే కోడ్ నిండా ఎర్రగీతలే. జావాస్క్రిప్ట్‌ని మాత్రం వేరే ఫైల్లో పెట్టండి. పేజీలోనే రాస్తే, కోట్స్ మధ్య ఉన్న ముగింపు స్క్రిప్ట్ ట్యాగుని కూడా బ్రౌజర్ అసలు ముగింపే అనుకుని మీ కోడ్‌ని అక్కడే తెంపేస్తుంది.

ఇన్‌పుట్ ఈవెంట్ (టెక్స్ట్ మారిందని బ్రౌజర్ పంపే సంకేతం) వచ్చినప్పుడల్లా పాత టైమర్‌ని క్లియర్‌టైమ్‌అవుట్‌తో రద్దు చేసి, 300 మిల్లీసెకన్లకు కొత్తది పెట్టండి. ఆ గడువు తీరాక టెక్స్ట్‌ఏరియాలోని కోడ్‌ని ఐఫ్రేమ్ ఎస్ఆర్‌సీడాక్‌లో (చూపించాల్సిన హెచ్‌టీఎంఎల్ పెట్టే యాట్రిబ్యూట్) వేయండి. చెయ్యి ఆగాకే ప్రివ్యూ మారుతుంది, తెర మినుకుమినుకుమనదు.

ఐఫ్రేమ్‌కి శాండ్‌బాక్స్ (లోపలి కోడ్‌ని కట్టడి చేసే యాట్రిబ్యూట్) తప్పనిసరి. అందులో స్క్రిప్టుల్ని నడవనిచ్చే అలౌ-స్క్రిప్ట్స్ ఒక్కటే ఇవ్వండి. లోపలి పేజీని బయటి పేజీ సైటుగానే లెక్కించే అలౌ-సేమ్-ఆరిజిన్ కూడా జోడిస్తే లోపలి కోడ్ బయటి పేజీని అందుకుని ఆ శాండ్‌బాక్స్‌నే తీసేయగలదు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. అలౌ-స్క్రిప్ట్స్ మాత్రమే ఉన్నప్పుడు ప్రివ్యూలోని కోడ్ లోకల్‌స్టోరేజ్‌ని (బ్రౌజర్ డేటా దాచుకునే చోటు) ముట్టుకుంటే సెక్యూరిటీ ఎర్రర్ వస్తుంది. కంగారు పడకండి, రావాల్సిందే అది.

ఎక్కువమంది తడబడేది ట్యాబ్ కీ దగ్గర. ఊరికే వదిలేస్తే ఫోకస్ ఎడిటర్ దాటిపోతుంది. కీ నొక్కగానే వచ్చే కీడౌన్ ఈవెంట్‌లో ప్రివెంట్‌డిఫాల్ట్ (బ్రౌజర్ మామూలుగా చేసే పనిని ఆపేది) పిలిచి, సెట్‌రేంజ్‌టెక్స్ట్‌కి (చెప్పిన చోట టెక్స్ట్ పెట్టే ఫంక్షన్) నాలుగు విలువలివ్వండి: రెండు స్పేసులు, సెలెక్షన్‌స్టార్ట్, సెలెక్షన్‌ఎండ్ (ఎంచుకున్న భాగం మొదలు, చివర), కోట్స్‌లో ఎండ్. నాలుగోది మరిస్తే కర్సర్ కదలదు, మీరు కొట్టే తర్వాతి అక్షరం స్పేసులకు ముందే పడుతుంది. పైగా సెట్‌రేంజ్‌టెక్స్ట్ ఇన్‌పుట్ ఈవెంట్ పంపదు. ప్రివ్యూ మార్చే ఫంక్షన్‌ని మీరే పిలవాలి. మౌస్ వాడనివాళ్లు ఎడిటర్లో ఇరుక్కుపోకుండా, ఎస్కేప్ నొక్కాక ట్యాబ్‌ని మామూలుగా వదిలేయండి.

తెలుగు టైప్ చేసేటప్పుడు కీడౌన్ ఈవెంట్‌లో ఈజ్‌కంపోజింగ్ ట్రూ అయితే ఆ కీ జోలికి పోవద్దు. పదం ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. కాలమ్ సంఖ్య చూపించాలనుకుంటే ఇంకో సంగతి: ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే, జావాస్క్రిప్ట్ లెక్కలో దాని పొడవు 6. మధ్యలో స్లైస్‌తో కోస్తే ఒత్తులు ఊడిపోతాయి.

టైప్ చేసిన కోడ్‌ని బయటి పేజీ లోకల్‌స్టోరేజ్‌లో దాచడం ఒక్క లైను పని, ప్రివ్యూ వేయడానికి ముందే చేయండి. సగం టైప్ చేసిన వైల్ లూప్ (షరతు నిజమైనంతసేపూ తిరిగే కోడ్) అంతులేకుండా తిరిగితే పేజీ బిగుసుకుపోవచ్చు. మళ్లీ తెరిచినప్పుడు దాచిన కోడ్ తనంతట తానే నడిస్తే మళ్లీ అదే గతి. అందుకని తెరవగానే టెక్స్ట్‌ఏరియా మాత్రం నింపి, ప్రివ్యూకి ఒక రన్ బటన్ పెట్టండి.