పాఠం 5: డోసు తగ్గే రోజులు – హనీమూన్ దశలో ఇన్సులిన్ సర్దుబాటు

గత పాఠంలో సూది వేసే చోట్లు మార్చడం చూశాం. ఈ పాఠానికి షుగర్ పుస్తకం, పెన్సిలు, బిడ్డ తాజా బరువు దగ్గర పెట్టుకోండి.

టైప్ వన్ షుగర్ బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టాక, కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు చాలామంది పిల్లల్లో డోసు తగ్గుతూ వస్తుంది. దీన్నే హనీమూన్ దశ అంటారు. క్లోమంలో ఇన్సులిన్ చేసే బీటా కణాలు అన్నీ ఒక్కసారే చనిపోవు. షుగర్ 400, 500 ఉన్న రోజుల్లో మిగిలిన కణాలు ఆ షుగర్ ధాటికే మొద్దుబారి ఉంటాయి. సూదితో షుగర్ దిగగానే అవి తేరుకొని కొంత ఇన్సులిన్ చేస్తాయి. కానీ శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ ఆ కణాలను చంపడం మాత్రం ఆపలేదు. కొందరికి ఈ దశ కొన్ని వారాలే, కొందరికి ఏడాది దాకా ఉంటుంది. ఐదేళ్ల లోపు పిల్లలకూ, కీటోయాసిడోసిస్‌తో (ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకునే ప్రమాదంతో) ఆసుపత్రిలో చేరినవాళ్లకూ తక్కువ కాలం ఉంటుంది, కొందరికి అసలే రాదు.

నల్లగొండలోనైనా నారాయణపేటలోనైనా సరిగ్గా ఈ సమయంలోనే ఇంట్లో పెద్దలు "పానం బాగైంది, ఇగ సూది బంద్ పెడదాం" అంటారు. ఆ వారాల్లో ఆకుపసరు తాగించినా, పొడి తినిపించినా షుగర్ తగ్గిన పేరు దానికే పోతుంది. పసరు తాగని పిల్లలకూ ఇలాగే తగ్గుతుందని వాళ్లకు ఓపిగ్గా చెప్పండి. సూది ఆపిన ఇళ్లలో బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాల్సిందే.

మన బిడ్డ ఈ దశలో ఉన్నట్టా?

రోజు మొత్తం ఇన్సులిన్‌ను బరువుతో భాగించండి. 25 కిలోల పాపకు ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు 24 యూనిట్లు ఉండేవనుకుందాం, అంటే కిలోకు 0.96. ఇప్పుడు రాత్రి బేసల్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) 5, పొద్దున 2, మధ్యాహ్నం 2, రాత్రి భోజనానికి 1, మొత్తం 10. కిలోకు 0.4. ఆ సంఖ్యను నాలుగుతో గుణించి, మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీకి కలపాలి. అది 6.6 అయితే 6.6 + 1.6 = 8.2. తొమ్మిది గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే హనీమూన్ దశ అనుకోవచ్చు.

ఎంత తగ్గించాలి, ఏది తగ్గించాలి

ఎక్కువ షుగర్‌కు డోసు పెంచాలంటే మూడు రోజుల లెక్క చూస్తాం. తక్కువ షుగర్‌కు అలా ఆగకూడదు. అన్నం మానడం, ఎక్కువ ఆడటం లాంటి కారణమేదీ లేకుండా 70 కంటే దిగితే, మర్నాడే దానికి కారణమైన డోసును 10 నుంచి 20 శాతం తగ్గించాలి. ఈ మార్పులను డాక్టరు మీకు ముందే రాసిచ్చిన హద్దుల్లోనే చేయండి, చేసిన రోజే ఫోనులో చెప్పండి.

కారణమైన డోసును పట్టుకోవడమే అసలు పని. పరగడుపున తక్కువ ఉంటే రాత్రి బేసల్‌ను చూడాలి. మధ్యాహ్నం అన్నానికి ముందు తక్కువైతే పొద్దున టిఫిన్ సూది, రాత్రి భోజనానికి ముందైతే మధ్యాహ్నం సూది, పడుకునే ముందైతే రాత్రి భోజనం సూది కారణం. రోజుకు రెండుసార్లు 30/70 మిక్స్ వేసేవాళ్లకు ఈ దశ కష్టం. రెండు ఇన్సులిన్లు ఒకే సీసాలో ఉంటాయి కాబట్టి ఒకదాన్ని తగ్గిస్తే రెండోదీ తగ్గుతుంది. విడివిడిగా మార్చమని డాక్టరును అడగండి.

డోసు 8 ఉన్నప్పుడు ఒక యూనిట్ తగ్గిస్తే 12 శాతం. 2 ఉన్నప్పుడు అదే ఒక యూనిట్ సగం! అందుకే చిన్న పిల్లలకు అర యూనిట్ చొప్పున తిరిగే ఇన్సులిన్ పెన్ను కావాలి. సీసా, సిరంజి వాడేవాళ్లు సీసా మీద 40 అని ఉందా 100 అని ఉందా (ఒక మిల్లీలీటరులో ఎన్ని యూనిట్లో) ప్రతిసారీ చూడండి. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 సీసాకు నారింజ మూత సిరంజి. 100 సీసా మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే, 2 గీతల దగ్గర 5 యూనిట్లు వస్తాయి. ఈ దశలో ఆ పొరపాటును బిడ్డ తట్టుకోలేదు.

పాత చీటీతో వచ్చే ముప్పు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. షుగర్ పెరిగితే వేసే అదనపు సూది లెక్క ఆసుపత్రి నాటి చీటీలో ఉంటుంది. త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కు, 1800ను రోజు మొత్తం డోసుతో భాగిస్తే ఒక యూనిట్ ఎంత షుగర్ దించుతుందో సుమారుగా తెలుస్తుంది. 24 యూనిట్ల రోజుల్లో 75. ఇప్పుడు 10 యూనిట్లు కాబట్టి 180. 240 ఉందని పాత చీటీ ప్రకారం ఒక యూనిట్ వేస్తే 60కి దిగుతుంది. పైగా బిడ్డ సొంత క్లోమం కూడా పనిచేస్తోంది కనుక ఇంకా దిగవచ్చు. డోసు మారిన ప్రతిసారీ కొత్త చీటీ రాయించుకొని పాతది చించేయండి.

70 కంటే తగ్గితే కిలోకు 0.3 గ్రాముల గ్లూకోజు ఇవ్వాలి. 25 కిలోల పాపకు సుమారు 8 గ్రాములు, అంటే సమంగా నింపిన రెండు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. జొన్నరొట్టె, బిస్కెట్టు ఆ క్షణానికి పనికిరావు, నెమ్మదిగా అరుగుతాయి. 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. సాయంత్రం దాకా కబడ్డీ ఆడిన రోజున, బతుకమ్మ దగ్గర చాలాసేపు తిరిగిన రోజున రాత్రి 2, 3 గంటల మధ్య ఒకసారి చూడాలి.

సున్నాకు మాత్రం రావద్దు

బేసల్ ఒకటి రెండు యూనిట్లకు దిగినా సొంతంగా ఆపవద్దు. జ్వరం వస్తే ఇన్సులిన్ అవసరం ఒక్క రోజులోనే పెరుగుతుంది, మిగిలిన కాసిన్ని కణాలు ఆ బరువు మోయలేవు. 250 దాటి వాంతులో జ్వరమో ఉంటే మూత్రంలో కీటోన్ పట్టీతో చూడండి. కీటోన్లు ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

షుగర్ మెల్లగా పైకి పాకితే దశ ముగుస్తోందని అర్థం. డోసు మళ్లీ కిలోకు 0.7 నుంచి 1 దాకా, ఈడొచ్చే వయసులో ఇంకా పైకీ వెళ్తుంది. ఇందులో మీ తప్పేమీ లేదు. అయితే డోసు పెంచే ముందు మందు చెడిందేమో చూడండి. మన దగ్గర మే నెల ఎండకు రేకుల ఇంట్లో పెట్టిన సీసా పాడవుతుంది. ఫ్రిజ్ లేకపోతే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ నిలిపి, సీసాను మూత డబ్బాలో పెట్టి దాంట్లో ఉంచండి. సీసాకు నీళ్లు తగలకూడదు.

అభ్యాసం

బాబు బరువు 32 కిలోలు. మూడు పూటలా మూడేసి యూనిట్లు, రాత్రి బేసల్ 9. మూడు రోజుల షుగర్లు ఇవి: పరగడుపున 104, 88, 67. మధ్యాహ్నం అన్నానికి ముందు 112, 118, 109. రాత్రి భోజనానికి ముందు 121, 98, 115. పడుకునే ముందు 130, 110, 126. ఏ డోసు, ఎంత తగ్గించాలి? తగ్గించాక కిలోకు ఎంత వస్తుంది? నాలుగో రోజు జ్వరం వచ్చి, ఏమీ తినకుండానే 290 ఉంటే బేసల్ వేయాలా వద్దా? జవాబులు పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఆరో పాఠం, జ్వరం రోజుల ఇన్సులిన్, ఆ చివరి ప్రశ్నతోనే మొదలవుతుంది.