నెట్‌వర్క్ పటం గీసే ముందు: ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వైపు వారికి జాగ్రత్తలు

వానలతో పాటు పిడుగులూ వస్తాయి, కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు కాలుతాయి. ఏ కేబుల్ ఎక్కడికి పోతుందో అప్పుడు వెతుక్కోకుండా, బడి లేదా దుకాణం నెట్‌వర్క్‌ను ఓపెన్‌సోర్స్ సాధనాలతో ఇప్పుడే పటం గీసేవారికి:

• అనుమతి కాగితం మీద తీసుకోండి. నెట్‌వర్క్‌లో ఏయే పరికరాలున్నాయో వెతికే ఎన్‌మ్యాప్ 1997 నుంచీ ఉన్నదే, వాడటం తప్పు కాదు. యజమాని అనుమతి లేకుండా పరాయి నెట్‌వర్క్‌లోకి వెళితే మాత్రం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ఉంది. వెతకమని ఇచ్చే ఐపీ శ్రేణిలో (పరికరాల నెట్‌వర్క్ చిరునామాల వరుసలో) ఒక్క అంకె తప్పినా పక్కవాళ్ల తలుపు తట్టినట్టే. "మా మామయ్య దుకాణమే కదా" అంటే సరిపోదు.

• పరికరాలపై నిఘా పెట్టే జాబిక్స్‌ను పెట్టగానే పాస్‌వర్డ్ మార్చండి. మొదటి పాస్‌వర్డ్ "జాబిక్స్" అనే మాటే. అది లోకమంతటికీ తెలుసు.

• ఎస్‌ఎన్‌ఎంపీలో (పరికరాల స్థితిని అడిగి తెలుసుకునే పద్ధతి) పాస్‌వర్డ్‌లా పనిచేసే "పబ్లిక్" అనే పదాన్ని అలాగే వదలవద్దు. రెండో వెర్షన్ వరకు అది దాపరికం లేకుండా తీగ మీద ప్రయాణిస్తుంది. పరికరం ఒప్పుకుంటే మూడో వెర్షన్ వాడండి.

• ఎన్‌మ్యాప్‌తో వెతికేటప్పుడు 9100 పోర్టు (ప్రింటర్లు అచ్చు పని అందుకునే ద్వారం) జోలికి పోవద్దు. కొన్ని ప్రింటర్లు అక్కడికి ఏది పంపినా అచ్చు వేసేస్తాయి, కాగితాల కట్ట ఖాళీ!

• అవసరానికి మించిన సాధనం వద్దు. పది పరికరాలు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి అప్‌టైమ్ కుమా చాలు, అయితే అది పటం గీయదు. పరికరాలను సాధనం తానే వెతికిపెట్టాలంటే లిబ్రేఎన్‌ఎంఎస్ వాడండి.

• స్విచ్‌ల మీద చీటీలు తెలుగులోనే కాక ఒడియాలోనూ రాయండి. రేపు నిచ్చెనెక్కేది ఎవరో!

• నిఘా కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టండి. కరెంటుతో పాటే అదీ పోతే కబురు చెప్పేవారుండరు.