వరిగడ్డి కట్టలకు గ్యాస్ ట్రాక్టరా, డీజిల్ ట్రాక్టరా: ఇంధన ఖర్చు లెక్కించే పద్ధతి

గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కోతలు చాలావరకు కోత మిషన్ల చేతిలోకి వెళ్లాక, చేలో వరుసలుగా పడి ఉన్న గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టించడం మామూలైంది. ఎకరానికి ఇంత అనో, కట్టకు ఇంత అనో కిరాయి మాట్లాడుకునే ట్రాక్టరు యజమానికి రోజువారీ ఖర్చుల్లో పెద్దది ఇంధనమే. సీఎన్‌జీ, అంటే అధిక పీడనంతో కుదించి నింపే సహజవాయువు, బంకులు మన పట్టణాల్లోకి వచ్చిన దగ్గర నుంచి, డీజిల్ ట్రాక్టరును గ్యాస్‌కు మార్పిస్తే ఎంత మిగులుతుందన్న ప్రశ్న కూడా వచ్చింది. బంకు బోర్డు మీది రెండు ధరలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు. డీజిల్‌ను లీటర్లలో, గ్యాస్‌ను కిలోల్లో అమ్ముతారు. మన చేతికి వచ్చేవి మాత్రం కట్టలు. అందువల్ల పోలిక ఎకరానికి ఎన్ని రూపాయలు, కట్టకు ఎన్ని రూపాయలు అన్న లెక్కలోనే జరగాలి.

పెట్రోలు సంగతి ముందే తేల్చివేయవచ్చు. పెట్రోలు ట్రాక్టర్లు ఎక్కువగా వాడిన అమెరికాలో, నెబ్రాస్కా ట్రాక్టరు పరీక్షల ఆధారంగా అక్కడి వ్యవసాయ ఇంజనీర్లు పాటించే ఒక అంచనా ఉంది: ఒకే పనికి పెట్రోలు ట్రాక్టరు 100 లీటర్లు తాగితే, అదే శక్తి గల డీజిల్ ట్రాక్టరుకు సుమారు 73 లీటర్లు చాలు. మన రాష్ట్రంలో లీటరు పెట్రోలు ధర డీజిల్ కన్నా ఎక్కువే కనుక, దాని గురించి ఇంకా ఆలోచించవలసిన పని లేదు. ఇంట్లో వాడే వంటగ్యాస్ బండను ట్రాక్టరుకు తగిలించడం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా.

ఇక మిగిలినది సీఎన్‌జీ. 2021 ఫిబ్రవరి 12న మన దేశంలో మొదటి సీఎన్‌జీ ట్రాక్టరును, అంటే డీజిల్ నుంచి మార్పించిన ట్రాక్టరును, ఢిల్లీలో విడుదల చేసినప్పుడు, ఏడాదికి లక్ష రూపాయలకు పైగా ఇంధనం మిగులుతుందని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. ఆ మిగులు ప్రతి ఊరిలోనూ ఒకేలా ఉండదు. లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల ఉష్ణశక్తి ఉంటే, కిలో సీఎన్‌జీలో సుమారు 48 ఉంటుంది. అయితే స్పార్క్ ప్లగ్గుతో నడిచే గ్యాస్ ఇంజను ఆ వేడిని పనిగా మార్చడంలో డీజిల్ ఇంజనుకు వెనకబడుతుంది. రెండూ కలిపి చూస్తే కిలో గ్యాస్ లీటరు డీజిల్ కన్నా కాస్త మాత్రమే ఎక్కువ పని ఇస్తుందని అనుకోవడం క్షేమం.

అంచనాతో సరిపెట్టుకోకుండా సొంత చేలో కొలవాలి. ట్రాక్టరును చదునైన చోట నిలిపి, డీజిల్ ట్యాంకును మూతి వరకు నింపి, కనీసం ఒక పూటంతా కట్టలు కట్టించి, మళ్లీ అదే చోట నిలిపి, కొలపాత్రతో మూతి వరకు ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోవాలి. గ్యాస్ ట్రాక్టరుకైతే బంకు మీటరు చూపే కిలోలే ఆధారం. బంకులో పీడనం తగ్గినప్పుడు సిలిండరు పూర్తిగా నిండదు కనుక ఒక్కసారి నింపినది చూసి తేల్చకుండా అనేకసార్లు నింపిన మొత్తాన్ని తీసుకోవాలి. గ్యాస్‌తోపాటు కొంత డీజిల్ కూడా కాల్చే మార్పిడి అయితే రెండింటి ఖర్చునూ కలపాలి. ఈ రెండో ఇంధనాన్ని మరిచిపోయే లెక్కలే ఎక్కువ.

ఉదాహరణకు గంటకు ఒక ఎకరం, ఎకరానికి 80 కట్టలు అనుకుందాం. డీజిల్ లీటరు 100 రూపాయలు, గంటకు 5 లీటర్లు అయితే ఎకరానికి 500, కట్టకు 6 రూపాయల 25 పైసలు. గ్యాస్ కిలో 90 రూపాయలు, గంటకు 4.7 కిలోలు అయితే ఎకరానికి 423 రూపాయలు. ఇక్కడితో ఆగితే గ్యాస్ గెలిచినట్టే.

కానీ గ్యాస్‌ను డీజిల్‌లా డబ్బాలో పోయించుకుని మోటారుసైకిల్ మీద చేనుకు తేలేము. 60 లీటర్ల నీరు పట్టే సిలిండరులో 200 బార్ల పీడనం దగ్గర సుమారు 10 కిలోల గ్యాస్ మాత్రమే పడుతుంది. బంకు 12 కిలోమీటర్ల దూరంలో ఉంటే, రానూపోనూ 24 కిలోమీటర్లకు ట్రాక్టరే రెండున్నర కిలోలు తాగుతుందనుకుంటే, చేలో పనికి మిగిలేది ఏడున్నర కిలోలు. దానితో అయ్యేది సుమారు 1.6 ఎకరాలు. నింపినందుకు కట్టిన 900 రూపాయలను 1.6తో భాగిస్తే ఎకరానికి సుమారు 563 రూపాయలు. అంటే గ్యాస్ డీజిల్ కన్నా ఖరీదైంది. అదే బంకు 4 కిలోమీటర్లలో ఉండి, రాకపోకలకు 0.8 కిలో పోతే, ఎకరానికి 460 రూపాయలు. 12 కిలోమీటర్ల దూరానికే రెండు సిలిండర్లు పెట్టించుకుంటే సుమారు 483. తణుకు, భీమవరం వంటి పట్టణాల చుట్టుపక్కల చేలకు ఒక లెక్క, సఖినేటిపల్లి వైపు గోదావరి దాటడానికి పంటు (వాహనాలను మోసే పడవ) ఎక్కవలసిన చోట మరో లెక్క అవుతుంది.

ఈ రాకపోకల్లో పోయే సమయం ఇంధనం కన్నా విలువైనది. సార్వా గడ్డి మీద ఉదయం మంచు ఆరే వరకు బేలర్ దిగకూడదు. తడి 20 శాతం దాటిన కట్టకు బూజు పడుతుంది. పొద్దెక్కాక దొరికే ఆ కొద్ది గంటల్లో, అందునా బంగాళాఖాతంలో వాయుగుండం ఉందన్న కబురు వచ్చినప్పుడు, గంటసేపు ట్రాక్టరు రోడ్డు మీద ఉంటే ఒక ఎకరం కిరాయి పోయినట్టే. ఆ మొత్తాన్ని కూడా గ్యాస్ ఖాతాలోనే రాయాలి.

మార్పిడి ఖర్చును ఎకరానికి మిగిలే సొమ్ముతో భాగించాలి. లక్ష రూపాయలై, ఎకరానికి 40 మిగిలితే, 2,500 ఎకరాలు కట్టాకే అసలు వస్తుంది. సొంత పది ఎకరాలకు, ఇరుగుపొరుగు చేలకు మాత్రమే తిప్పే రైతు డీజిల్‌తోనే ఉండడం మేలని నా అభిప్రాయం. మార్పిస్తే ఆమోదం పొందిన కిట్టే పెట్టించి, ఆర్‌సీలో నమోదు చేయించి, సిలిండరును మూడేళ్లకోసారి పీడన పరీక్షకు పంపాలి. ఆ ఖర్చునూ కలుపుకోవాలి.

రెండు ట్రాక్టర్లను పోల్చేటప్పుడు చేను, రోజు, బేలర్, వీలైతే డ్రైవరు కూడా ఒకటే అయి ఉండాలి. మన నల్లరేగడి పైకి ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగా ఉండి చక్రం జారుతుంది. జారిన ప్రతి చుట్టూ వృథా ఇంధనమే. బేలర్‌కు నిర్దేశించిన పీటీవో (ట్రాక్టరు వెనుక ఉండి బేలర్‌ను తిప్పే ఇరుసు) వేగం, సాధారణంగా నిమిషానికి 540 చుట్లు, రెండింటిలోనూ నిలపాలి. గడ్డి దుమ్ము రేడియేటరు జాలీని, గాలి ఫిల్టరును కమ్మేస్తే ఏ ఇంజను అయినా ఎక్కువ తాగుతుంది కనుక, కొలత మొదలుపెట్టే ముందు రెండింటికీ అవి శుభ్రం చేయాలి. గడ్డి పల్చగా పడిన చేలో ఎకరం లెక్క ఒకటి చెబితే కట్ట లెక్క మరొకటి చెబుతుంది. కిరాయి దేని మీద మాట్లాడుకున్నారో ఆ లెక్కనే ప్రమాణంగా తీసుకోవాలి.