పోల్ నుంచి లీడ్ దాకా – 3వ పాఠం: మూడు ప్రశ్నలు, ఒక ఈమెయిల్ గడి

పోల్‌ను (సైటుకు వచ్చినవారిని అడిగే చిన్న ప్రశ్నల పెట్టెను) ఏ పేజీలో పెట్టాలి, ఆ పేజీలో ఎంత కిందికి పెట్టాలి అన్నది 2వ పాఠంలో తేల్చుకున్నాం. ఇప్పుడు ఆ పెట్టె లోపలి సంగతి. ఏం అడగాలి, ఈమెయిల్ చిరునామా ఎప్పుడు అడగాలి, వచ్చిన జవాబు మీ లీడ్ల (కొనే అవకాశం ఉన్నవారి) జాబితాలోకి చెడిపోకుండా ఎలా చేరాలి అన్నవి చూద్దాం. పోల్ టూల్ ఇప్పుడే తెరవకండి. తెరిస్తే అందులోని నమూనా ప్రశ్నలే అటూ ఇటూ మార్చి పెట్టేస్తారు. ముందు ఒక కాగితం చాలు.

పాఠమంతా ఒకే ఉదాహరణ తీసుకుందాం: చిన్న వ్యాపారాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే సైటు, అందులో ధరల పేజీ.

జవాబు దగ్గర మొదలుపెట్టండి

కాగితం మీద మూడు నిలువు వరసలు గీయండి. మొదటిదాంట్లో జవాబు, రెండోదాంట్లో ఆ జవాబు నొక్కగానే తెర మీద కనిపించేది, మూడోదాంట్లో తర్వాత మీరు పంపేది లేదా చేసేది. ఇప్పుడు మూడో వరసను పైనుంచి కిందికి చదవండి. రెండు జవాబులకు అక్కడ ఒకే మాట ఉంటే ఆ రెండు జవాబులనూ ఒకటి చేయండి. అన్నిటికీ ఒకే మాట ఉంటే ఆ ప్రశ్నే కొట్టేయండి.

"మా సైటు మీకు నచ్చిందా?" అన్న ప్రశ్న ఇక్కడే రాలిపోతుంది. అవునన్నా కాదన్నా మీరు పంపేది ఒకటే. "మా గురించి ఎలా తెలిసింది?" కూడా అంతే. అది మీకు పనికొస్తుందేమో గానీ జవాబిచ్చేవారికి దాంతో పనిలేదు, పైగా చాలావరకు లింకులోని యూటీఎం గుర్తులే (ఎక్కడి నుంచి వచ్చారో తెలియడానికి లింకు చివర తగిలించే మాటలు) ఆ సంగతి చెబుతాయి. ఈ వడపోత తర్వాత సాధారణంగా మూడు ప్రశ్నలు మిగులుతాయి. మన సైటుకు అవి ఇలా ఉండొచ్చు:

మొదటిది: బిల్లులు ఇప్పుడు దేంట్లో రాస్తున్నారు? పుస్తకంలో చేత్తో / ఎక్సెల్‌లో / వేరే సాఫ్ట్‌వేర్‌లో / ఇంకా వ్యాపారం మొదలుపెట్టలేదు.

రెండోది: నెలకు సుమారు ఎన్ని బిల్లులు? 50 లోపు / 50–299 / 300, ఆపైన.

మూడోది: ఎప్పటికి మార్చుకుందామని? ఈ నెలలోనే / 3 నెలల్లోపు / ఊరికే చూస్తున్నాను.

మొదటి ప్రశ్న ఆలోచించకుండా జవాబు చెప్పగలిగేదై ఉండాలి. ఇప్పుడు చేస్తున్న పని గురించి అడిగితే వేలు దానంతటదే కదులుతుంది. "మీ అతిపెద్ద సమస్య ఏమిటి?" అని అడిగితే కూర్చుని ఆలోచించాలి, ధరల పేజీలో అంత తీరిక ఎవరికీ ఉండదు. కొనే తేదీని చివర అడగడానికీ కారణం ఇదే. అది అమ్మకం వాసన వేసే ప్రశ్న, రెండు జవాబులు ఇచ్చాకే దాన్ని భరిస్తారు.

రెండో ప్రశ్నలో 50–100, 100–300 అని రాస్తే సరిగ్గా 100 ఉన్నవారు ఎటు పోవాలి? హద్దులు ఒకదాని మీదొకటి పడకూడదు. మొదటి ప్రశ్నలో "మొదలుపెట్టలేదు" అన్న జవాబు తీసేస్తే ఆ కోవలోని వారు ఏదో ఒకటి నొక్కి ముందుకు పోతారు, మీ లెక్క మొదటి మెట్టులోనే తప్పుతుంది. ఇంకొకటి, "వాడటం తేలికగా, ధర తక్కువగా ఉండాలా?" లాంటి జంట ప్రశ్న. అవునన్నవారు దేనికి అవునన్నారో ఎప్పటికీ తెలియదు. వరస క్రమం లేని జవాబులైతే, మొదటి ప్రశ్నలోలాగ, ఒక్కొక్కరికి ఒక్కో వరసలో చూపించే సెట్టింగు ఆన్ చేయండి. తెర మీద పైన ఉన్నదాన్నే నొక్కే అలవాటు చాలామందికి ఉంటుంది. అంకెలు, గడువులు ఉన్న జవాబులను మాత్రం కలపొద్దు, వాటిని క్రమంలోనే ఉంచండి.

ముందు ఫలితం, తర్వాత చిరునామా

మూడో జవాబు నొక్కగానే "ఫలితం కావాలంటే ఈమెయిల్ ఇవ్వండి" అని అడ్డంగా తెర దించడం చాలా సైట్లలో ఉన్న అలవాటు. అంకెల్లో చూస్తే దీనివల్ల చిరునామాలు ఎక్కువే రావచ్చు. కానీ అందులో ఉత్తుత్తివి ఎన్నో పంపాక గానీ తెలియదు. ఫలితం చూడాలన్న ఆత్రంతో నోటికొచ్చిన చిరునామా కొట్టి వెళ్ళిపోతారు. ఆ మెయిళ్ళు తిరిగొచ్చిన కొద్దీ మెయిల్ సేవల దగ్గర మీ డొమైన్ (సైటు చిరునామా) పరువు పోతుంది.

మా సలహా: చిన్న ఫలితం తెర మీదే, ఉచితంగా, వెంటనే చూపండి. ఎక్సెల్, 50–299, ఈ నెలలోనే అన్నవారికి "మీ ఎక్సెల్ షీటును అలాగే దిగుమతి చేసుకోవచ్చు, నెలకు 300 లోపు బిల్లులకు మధ్య ప్లాను సరిపోతుంది" అన్న రెండు ముక్కలు చాలు. దాచుకోవాల్సిన వస్తువు మాత్రం మెయిల్‌లో పంపుతామనండి. దిగుమతికి ముందు షీటులో సరిచూసుకోవాల్సిన అంశాల పట్టిక అలాంటిది. ఫోన్‌లో చదివి మరిచిపోయేది కాదు, కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు తెరుచుకునేది. మెయిల్‌లో రావడానికి సహజమైన కారణం ఉంటేనే అసలు చిరునామా ఇస్తారు.

గడి ఒక్కటే పెట్టండి, ఈమెయిల్. పేరు, ఫోన్ తర్వాత అడగొచ్చు. బటన్ మీద "సబ్మిట్" అని కాక "నా పట్టిక పంపండి" అని రాయండి. ఆ గడి రకాన్ని ఈమెయిల్‌గా సెట్ చేస్తే ఫోన్‌లో @ గుర్తు ఉన్న కీబోర్డే తెరుచుకుంటుంది. వార్తాలేఖకు సమ్మతి వేరే టిక్కు గడిలో అడగాలి, అది ఖాళీగానే ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమలైన డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కిందికి రాదు. ఎప్పుడు, ఏ పేజీలో, ఏ వాక్యం చూసి ఒప్పుకున్నారో ఆ మూడూ జవాబుతో పాటే భద్రపరచండి. చిరునామా అందగానే నిర్ధారణ లింకు పంపి, అది నొక్కినవారినే జాబితాలో చేర్చండి.

మార్కులు

ప్రతి జవాబుకు మార్కు ఇవ్వండి. మొదటి ప్రశ్నకు పుస్తకం 1, ఎక్సెల్ 2, వేరే సాఫ్ట్‌వేర్ 3, మొదలుపెట్టనివారు 0. రెండోదానికి 0, 1, 3. మూడోదానికి ఈ నెల 4, 3 నెలలు 2, ఊరికే చూస్తున్నవారు 0. మొత్తం 10. ఏడు, ఆపైన వస్తే అదే రోజు ఒక మనిషి స్వయంగా రాయాలి. 3 నుంచి 6 దాకా వరస మెయిళ్ళు (ముందే రాసిపెట్టి ఒకదాని తర్వాత ఒకటి పంపేవి). అంతకంటే తక్కువైతే అడిగిన పట్టిక పంపి ఊరుకోండి.

పై ఉదాహరణలోని ఎక్సెల్ వ్యాపారికి 2+1+4, అంటే 7. వేరే సాఫ్ట్‌వేర్‌లో నెలకు 300 పైన బిల్లులు రాస్తూ ఊరికే చూస్తున్నవారికి 6. పెద్ద గిరాకీ కదా అని వెంటనే వెంటపడాలనిపిస్తుంది. వద్దు. రెండు సాఫ్ట్‌వేర్లను పోల్చే పట్టిక పంపి, 2 వారాల తర్వాత మూడో ప్రశ్న ఒక్కటే మళ్ళీ అడగండి. ఈ మార్కులు మొదట్లో అంచనాలే. కొన్నవారి జవాబులు చేరిన కొద్దీ సరిదిద్దుకోవాలి.

ఎక్కడ తెగుతుంది

ఇక్కడి నుంచి టూల్ తెరవొచ్చు. బయటి టూల్‌ను ఐఫ్రేమ్‌గా (మీ పేజీలో మరో పేజీని చూపే చట్రంగా) అతికిస్తే, మీ పేజీ లింకులోని యూటీఎం గుర్తులు ఆ ఫ్రేమ్ లోపలికి వాటంతటవే పోవు. ప్రకటన చూసి వచ్చిన లీడు కూడా "నేరుగా వచ్చారు" అన్న ఖాతాలో పడుతుంది. ఆ గుర్తులను చదివి ఫ్రేమ్ చిరునామాకు తగిలించాలి, లోపల హిడెన్ ఫీల్డుల్లోకి (తెర మీద కనిపించని గడుల్లోకి) తీసుకోవాలి. ధరల పేజీకి రెండో క్లిక్కులో వచ్చేవారి కోసం, సైటులో అడుగుపెట్టిన మొదటి పేజీలోనే వాటిని సెషన్ స్టోరేజీలో (ట్యాబ్ మూసేదాకా బ్రౌజర్ ఉంచే నిల్వలో) దాచండి.

ఒకసారి జవాబిచ్చినవారికి పోల్ మళ్ళీ కనిపిస్తోందా? చాలా టూళ్ళు జవాబిచ్చారన్న గుర్తును బ్రౌజర్ స్టోరేజీలో ఉంచుతాయి. సైటును ముట్టుకోకుండా 7 రోజులు సఫారీ బ్రౌజర్ వాడితే, స్క్రిప్టు రాసిన ఆ నిల్వను సఫారీ చెరిపేస్తుంది. అందుకని ఒకరే రెండోసారి ఇచ్చే జవాబులను అడ్డుకునే పని నిర్ధారించిన ఈమెయిల్ ఆధారంగా మీ డేటాబేసులో జరగాలి.

బాట్ల (ఫారాలను తమంతట తామే నింపే ప్రోగ్రాముల) కోసం కంటికి కనిపించని ఉచ్చు గడి పెట్టడం మంచి పద్ధతే. దానికి "ఫోన్" అనో "అడ్రస్" అనో పేరు పెడితే మాత్రం బ్రౌజర్ ఆటోఫిల్ దాన్ని నింపేస్తుంది, అసలు మనుషులే బాట్లుగా లెక్కకొస్తారు. ఏ అర్థమూ లేని పేరు పెట్టి, ఆటోఫిల్ ఆపి, ట్యాబ్ మీట నొక్కితే వచ్చే వరసలోంచి తీసేయండి.

ఫారం డేటాను లింకు ద్వారా పంపే గెట్ పద్ధతి వాడకండి. ఈమెయిల్ లింకులో కనిపిస్తే అది సందర్శనలను లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌కూ చేరవచ్చు, వ్యక్తులను గుర్తించే సమాచారం పంపడాన్ని వాళ్ళ నిబంధనలే ఒప్పుకోవు. సీఆర్ఎంకు (లీడ్ల వివరాలు ఉంచే సాఫ్ట్‌వేర్‌కు) జవాబులను వాక్యాలుగా కాక కోడ్లుగా పంపండి: ప్ర1_క, ప్ర1_ఖ. నెల తర్వాత "ఎక్సెల్‌లో" అన్నదాన్ని "స్ప్రెడ్‌షీట్‌లో" అని మార్చినా మార్కుల లెక్క చెడదు.

వచ్చిన శాతాలను బయటపెట్టాలన్న ఉబలాటం ఉంటుంది. 30 జవాబులు దాటేదాకా శాతాలు చూపకండి, ఇద్దరు ముగ్గురి ఓటుతో అంకె ఊగుతుంది. ఎన్ని వేలు వచ్చినా "వ్యాపారుల్లో ఇంత శాతం" అని రాయకండి, "ఈ పోల్‌లో పాల్గొన్నవారిలో" అనే రాయండి. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటిని నమ్మి అభ్యర్థుల్లో లాండన్ గెలుస్తాడని రాసింది. ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. జవాబులు ఎన్ని వచ్చినా, ఇచ్చినవారు అందరి తరఫునా మాట్లాడినట్టు కాదు.

నాలుగు అంకెలు

వారానికోసారి చూడాల్సినవి నాలుగే: పోల్ చూసినవారు, మొదటి జవాబు ఇచ్చినవారు, మూడోది పూర్తిచేసినవారు, నిర్ధారించిన ఈమెయిళ్ళు. ఉదాహరణకు 2,000, 240, 168, 34 అనుకుందాం. చూసినవారిలో 12% మొదలుపెట్టారు, మొదలుపెట్టినవారిలో 70% చివరిదాకా వచ్చారు, వారిలో 20% ఈమెయిల్ నిర్ధారించారు. మొదటి శాతం పడిపోతే తప్పు మొదటి ప్రశ్నదో పెట్టిన చోటుదో. రెండోది పడిపోతే రెండో, మూడో ప్రశ్నల్లో ఎక్కడ వదిలేస్తున్నారో చూడండి. ప్రతి క్లిక్కునూ విడిగా భద్రపరిస్తేనే ఇది తెలుస్తుంది. మూడోది పడిపోతే మీరు ఇస్తామన్న వస్తువుకు విలువ లేదు, లేదా నిర్ధారణ మెయిల్ స్పామ్‌లోకి పోతోంది. గడి రంగు మార్చే ముందు మెయిల్ స్పామ్‌లోకి పోతోందేమో పరీక్షించండి. ఒకసారికి ఒక్కటే మార్చండి.

అభ్యాసం

మీ సైటుకు మూడు వరసల కాగితం పూర్తిచేయండి. మూడో వరసలో ఒకే మాట ఉన్న జవాబులను కలిపి, మిగిలినవాటికి మార్కులు వేయండి. తర్వాత పోల్ కట్టి ఫోన్‌లో ఒకసారి, ప్రైవేట్ విండోలో ఒకసారి, యూటీఎం ఉన్న లింకుతో ఒకసారి మీరే జవాబిచ్చి, సీఆర్ఎంలో ఆ మూడు సార్ల జవాబులూ సరిగ్గా పడ్డాయో లేదో చూడండి. మీరు పెట్టిన పరీక్ష జవాబులను చెరిపేశాకే పోల్‌ను బయటికి వదలండి. మొదటి 20 నిర్ధారిత లీడ్లు చేరాక వాటిని ఒక షీటులోకి దించుకోండి. 4వ పాఠంలో వరస మెయిళ్ళను వాటికోసమే రాస్తాం.