కొలెస్ట్రాల్ తగ్గించే తిండి – 3వ పాఠం: జిగురు పీచు

పోయిన రెండు పాఠాల్లో లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) రిపోర్టు చదవడం, ఇంట్లో నెలకు ఎంత నూనె ఖర్చవుతుందో లెక్క కట్టడం అయ్యాయి. మీ ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, అంకె నోట్‌బుక్‌లో రాసుకునే ఉంటారు. ఇవాళ ఆ అంకెను కిందికి దించే తిండి సంగతి. ముందు వంటింట్లో ఒక పరీక్ష చేయండి.

మూడు గాజు గ్లాసుల్లో సగం దాకా నీళ్లు పోయండి. ఒకదాంట్లో చెంచాడు చోడిపిండి (రాగిపిండి), ఇంకోదాంట్లో చెంచాడు ఇసబ్‌గోల్ పొట్టు, మూడోదాంట్లో చెంచాడు మెంతిపొడి కలిపి పావుగంట వదిలేయండి. చోడిపిండి అడుక్కి దిగుతుంది, పైన నీళ్లు తేరుకుంటాయి. ఇసబ్‌గోల్ గ్లాసు వంచి చూడండి, తొందరగా జారదు. తెల్లగా, వణికే ముద్దలా తయారై ఉంటుంది. మెంతిపొడి ఉబ్బుతుంది, వేళ్ల మధ్య పట్టుకుంటే జారుతుంది. మనకు పని చేసిపెట్టేది ఈ జిగురే. దీన్నే కరిగే పీచు అంటారు.

అది చేసే పని ఇదీ. కాలేయం పైత్యరసాన్ని కొలెస్ట్రాల్‌తోనే తయారు చేస్తుంది. కొవ్వు అరగడానికి ఆ రసం పేగుల్లోకి దిగుతుంది, పనయ్యాక చాలా మటుకు మళ్లీ కాలేయానికే చేరుతుంది. పేగులో జిగురు ఉంటే అందులో కొంత చిక్కుకుని మలంతో బయటికి పోతుంది. ఆ లోటు పూడ్చుకోవాలంటే కాలేయం కొత్త రసం చేసుకోవాలి. దానికి కావలసిన సరుకును రక్తంలోని ఎల్‌డీఎల్‌లోంచి లాక్కుంటుంది. ఒంట్లో కొవ్వేదో కరిగిపోవడం కాదు, కాలేయానికి పని పెంచడం. కొవ్వు కరిగించే కషాయం అంటూ ఎవరైనా అమ్మజూపితే ఈ సంగతి గుర్తు చేసుకోండి.

"సోడంబలి రోజూ తాగతన్నాను గదా, ఇంకేటి కావాల?" అని మన వైపు పెద్దవాళ్లు అడుగుతారు. అంబలి మంచిదే, కాల్షియం దండిగా ఉంటుంది, ఆకలి ఆపుతుంది. కానీ 100 గ్రాముల చోళ్లలో 11 గ్రాముల దాకా పీచు ఉంటే, అందులో కరిగేది 2 గ్రాములు కూడా ఉండదు. మిగతాది విరేచనం సాఫీగా కావడానికి పనికొచ్చే గరుకు పీచు. అంబలి మానకండి. ఎల్‌డీఎల్ భారం మాత్రం దాని నెత్తిన వేయకండి.

మరి ఏం తినాలి? ఓట్స్, బార్లీల్లో ఉండే బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు రోజుకు 3 గ్రాములు అందితే ఎల్‌డీఎల్ 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. 3 గ్రాములు రావాలంటే పొడి ఓట్స్ 75 గ్రాములు కావాలి, అంటే గరిటెడు జావతో సరిపోదు. ఓట్స్ గొంతు దిగనివాళ్లకు బార్లీయే మేలు. గింజలు రాత్రి నానేసి, పొద్దున ఉడికించి ఉప్మాలా తాలింపు వేసుకోవచ్చు. గింజలు పారేసి పైనీళ్లు మాత్రం తాగితే అసలు సరుకు చాలా వరకు పారబోసినట్టే. బొబ్బర్లు, సెనగలు, రాజ్మా లాంటివి ఉడికించినవి రోజుకు 130 గ్రాములు తింటే దాదాపు 5 శాతం తగ్గుతుంది. మెంతుల మీద హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఎప్పుడో పరీక్షలు చేశారు. అయితే వాళ్లు వాడిన మోతాదులు పోపులో వేసే చిటికెడు కాదు. బెండకాయ, వంకాయ కూడా ఈ జాబితాలోవే. కాకపోతే బెండకాయను జిగురు పోవాలని గిన్నెడు నూనెలో వేయిస్తే పోయిన పాఠం వృథా. బెల్లం వేసి పులుసు పెట్టుకోండి.

ఇవన్నీ కలిపితే ఎంత తగ్గుతుంది? టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం జిగురు పీచు, సోయా, బాదం, మొక్కల స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే, కొలెస్ట్రాల్‌ను పోలిన పదార్థాలు) కలిపిన భోజనం పెట్టి చూసింది. 2003లో వెలువడిన ఫలితాల ప్రకారం నాలుగు వారాల్లో ఎల్‌డీఎల్ దాదాపు 29 శాతం తగ్గింది, లోవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర వేసుకున్నవాళ్లకు 31 శాతం. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ తిండిని చాలా మటుకు పరిశోధకులే సమకూర్చారు. తర్వాత సలహా మాత్రమే చెప్పి, ఇంట్లో వండుకోమన్నప్పుడు ఆరు నెలలకు తగ్గింది 13 శాతం చిల్లర. మనమూ ఇళ్లలో వండుకునేవాళ్లమే కాబట్టి ఈ రెండో అంకె మీదే ఆశ పెట్టుకోండి.

ఇసబ్‌గోల్ సంగతి వేరుగా చెప్పాలి, కొనుక్కునే సప్లిమెంట్లలో నేను మొదట సిఫారసు చేసేది అదే. రోజుకు 10 గ్రాములు వేసుకుంటే ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం తగ్గుతుంది. 160 ఉన్నవాళ్లకు 8 నుంచి 16 పాయింట్లు అన్నమాట. మొదటి వారం చిన్న చెంచాడే, లేకపోతే గ్యాస్‌తో పొట్ట ఉబ్బుతుంది. తర్వాత రెండు పూటలా పెంచండి. 100 గ్రాముల ప్యాకెట్ పది రోజులకు ఖాళీ అయితే కొలత కుదిరినట్టు. ప్రతిసారీ నిండు గ్లాసు నీళ్లలో కలిపి, గట్టిపడకముందే తాగేసి, మీద ఇంకొన్ని నీళ్లు తాగాలి. పొడిపొట్టు నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డం పడుతుంది. థైరాయిడ్, షుగర్, గుండె మాత్రలు ఏవైనా వాడుతుంటే వాటికీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లు ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించుకోండి. కిడ్నీ జబ్బు ఉండి డాక్టరు నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లకు ఇసబ్‌గోల్ కుదరకపోవచ్చు. ఎవరో ఇచ్చిన పేరులేని పొడుల జోలికి అసలే పోకండి.

మిగతా సప్లిమెంటు డబ్బాల గురించి క్లుప్తంగా. చేపనూనె, వెల్లుల్లి, దాల్చినచెక్క, పసుపు, స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్ (ఎర్ర బూజుతో పులియబెట్టిన బియ్యం), ఈ ఆరింటినీ అమెరికాలో 5 మి.గ్రా. రోసువాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్రతో పోల్చి చూశారు. 2022లో వచ్చిన ఫలితం: 28 రోజుల్లో మాత్ర ఎల్‌డీఎల్‌ను దాదాపు 38 శాతం తగ్గించింది, ఆరింటిలో ఒక్కటీ మందు లేని ఉత్తుత్తి మాత్రను చెప్పుకోదగ్గంతగా దాటలేదు. రెడ్ ఈస్ట్ రైస్‌లో ఉండే మొనాకొలిన్ కె అచ్చంగా లోవాస్టాటినే, కాబట్టి స్టాటిన్ జాతి మాత్రలు వాడేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. స్టెంట్ పడినవాళ్లు, ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లు బార్లీని నమ్ముకుని మాత్ర మానేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఈ తిండి వాళ్లకు మాత్రతో పాటే.

ఇక హోంవర్కు. ఈ వారం పొద్దున రెండు రోజులు బార్లీ, మధ్యాహ్నం నాలుగు రోజులు బొబ్బర్లో సెనగలో. తిన్న రోజు నోట్‌బుక్‌లో టిక్కు పెట్టండి. రక్తపరీక్షకు ఇప్పుడే పరిగెత్తొద్దు, రెండు మూడు నెలలు పోనివ్వండి.

వచ్చే పాఠం పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరి గురించి. ఈలోగా మీ ఇంట్లో ఎన్ని కొబ్బరికాయలు కొడుతున్నారో గోడ క్యాలెండర్ మీద గీతలు పెడుతూ ఉండండి. గుడిలో కొట్టినవి కూడా లెక్కలోకే వస్తాయి.