ఎలుకల పెల్లెట్ మేత చెమ్మగిల్లకుండా, వృథా కాకుండా
హనుమకొండలోని మా ఫార్మసీ కళాశాల జంతుశాలలో (ప్రయోగాల కోసం జంతువులను ఉంచే గదిలో), తెల్ల ఎలుకలకు వేసే పెల్లెట్ మేత సంచిని గోడకు ఆనించి నేల మీదే ఉంచిన వానాకాలంలో, అడుగున ఉన్న గుళికలు చెమ్మ పీల్చుకుని, వేలితో నొక్కితే చాలు పిండిలా రాలిపోయేవి. అందువల్ల సంచిని చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచి, విప్పిన తర్వాత సంచితో సహా బిగుతైన మూత గల డబ్బాలోకి దించడం మేలు. అప్పుడు తయారీ తేదీ కూడా కళ్లెదుటే ఉంటుంది. చల్లని, పొడి చోట నిల్వ చేసిన మేతనైనా తయారైన 6 నెలలలోపే వాడేయాలి. మన మే నెల ఎండల్లో, ఏసీ లేని గదిలో ఉంచితే విటమిన్లు అంతకంటే ముందే క్షీణిస్తాయి. బూజు వాసన తగిలిన సంచిని ఏరి వాడుకోవాలని చూడకుండా మొత్తం పారవేయాలి.

ఎదిగిన తెల్ల ఎలుక (ర్యాట్) రోజుకు సుమారు 15–20 గ్రాములు, చిట్టెలుక (మౌస్) 3–5 గ్రాములు తింటాయి కాబట్టి, తొట్టిని అంచుదాకా నింపకుండా రెండు మూడు రోజులకు సరిపడా తూచి వేయాలి. పాత గుళికల మీద కొత్తవి పోసే ముందు అడుగు పొడిని దులపాలి. తినకుండా ఊరికే కొరికి పొడిచేసే ఎలుక కొన్ని పంజరాల్లో కనిపిస్తుంది. చిన్న చెక్కముక్క వేశాక మా దగ్గర ఆ అలవాటు కొంత తగ్గింది.